ఎర్ర పెన్సిల్ మబ్బు

మా డ్రాయింగాఫీసు పెద్దాయన పోయారని ఆయన తమ్ముడు ఫోన్ చేశారు. అప్పుడు నేను వేలూరు మార్కెట్లో కూరగాయలు ఏరుతున్నాను. "అన్న పోయినాడమ్మా. పొద్దున లేవలేదు. నీకు చెప్పాలనిపించింది" అన్నారు. ఏరినవి అక్కడే వదిలేసి గుడియాత్తం బస్సెక్కాను. లత్తేరి దాటినా ఒకటే ఆలోచన. ఆదివారం వస్తానని ఆయనకు మాటిచ్చి, మూడు ఆదివారాలు ఎగ్గొట్టాను.

వేలూరు అవతల, తోళ్ళకు వాడే రసాయనాలు తయారుచేసే ఫ్యాక్టరీలో ఆయన హెడ్ డ్రాఫ్ట్స్‌మన్. నేను చేరినప్పుడు ఆ గదిలో ఆడమనిషిని నేనొక్కదాన్నే. మొదటిరోజే నా ముందు నాలుగు కాగితాలు పరిచారు. ఒకదాంట్లో ఉత్త పెట్టెలు, బాణాలు. "ఇది ముదలాళికి. ఏమి లోపలికి పోతాది, ఏమి బయటికొస్తాది, ఓనరుకు అంతే కావాల." రెండోది ఫ్లోషీటు. ఎంత సరుకు, ఎంత వేడి, ఎంత ఒత్తిడి అని చెప్పేది, కెమిస్టు కోసం. మూడోదాంట్లో ప్రతి పైపూ, ప్రతి వాల్వూ, ప్రతి మీటరూ ఉన్నాయి. అది ప్లాంటు నడిపేవాళ్ళది. చివరిది ఒక్క పైపునే వంపువంపుకీ కొలతలేసి వెల్డరుకు చూపేది.

"ఎవురికోసరం గీస్తాండావో తెలుసుకోని పెన్సిల్ పట్టు పాపా" అన్నారు.

కోపిష్టి మనిషి. ఒకసారి నా రబ్బరు తీసి కిటికీలోంచి విసిరేశారు. తప్పు చెరిపితే ఊరుకునేవారు కాదు, అది కనబడాలి. డ్రాయింగ్ చేతబట్టుకుని పైపు వెంబడి ఈ కొస నుంచి ఆ కొసదాకా నడిచేవారు. కాగితం మీద నల్ల ఇంకు గీత ఒకలా ఉండి, అక్కడ పైపు ఇంకోలా ఉంటే ఎర్ర పెన్సిల్‌తో దిద్దేవారు. ఎన్నికల రోజుల్లో యూనియన్ వాళ్ళు పార్టీ జెండా రంగుల అంచున్న కరైపంచెలు కట్టుకొచ్చి, "ఎరుపూ నలుపూ! సార్ మన కట్చే" అని ఆటపట్టించేవారు. "నలుపు ఉండాల్సింది, ఎరుపు ఉండేది. పైపుకు కట్చి యాడిదప్పా?" అని ఆయన మళ్ళీ వంగి గీసుకునేవారు.

అంతుపట్టని చోటు చుట్టూ మాత్రం ఎర్రగా మబ్బు ఆకారం గీసి, ఎవరిని అడగాలో పక్కన రాసేవారు. ఎక్కడికి పోతుందో తెలియని వాల్వును ఒంటరిగా ముట్టనిచ్చేవారు కాదు. "ఒకరు తిప్పాల, ఇంకొకరు అవతల నిలబడి నీళ్ళు వచ్చినాయని కేకెయ్యాల."

ఆయనకు పిల్లలు లేరు. ఆయన టిఫిన్ క్యారియర్‌తో పాటు నాకు రోజూ ఆకులో చుట్టిన కనకాంబరాలు వచ్చేవి. వాళ్ళావిడ పంపేది. "ఈ ఎండల్లో ఇన్ని పూలెట్లా సార్?" అంటే, "నన్నడిగితే? ఆమెనడుగు" అనేవారు. ఆయన రిటైరై, ఆమె కూడా పోయాక ఆ ఇంట్లో ఆయనొక్కరే మిగిలారు.

ఈమధ్య ఫోన్ చేశారు. "ఇంట్లో నీళ్ళ పైపులన్నీ గీస్తాండాను పాపా. బాత్రూం పక్కన ఒక వాల్వు ఉండాది. యాడికి పోతాదో తెలీలా. నేను షట్‌డౌన్ పనిలో ఫ్యాక్టరీలోనే ఉండిపోయినప్పుడు ఆమె మేస్త్రీతో పెట్టించింది. నువ్వొస్తే ఇద్దరం చూస్తాం."

ఫ్యాక్టరీ పైపులన్నీ తెలిసిన మనిషికి సొంతింటి పైపు తెలియదా అని నవ్వాను. వస్తానన్నాను. ఆయనకు కావలసింది పక్కన ఒక మనిషని నాకు తెలుసు. తెలిసీ వెళ్ళలేదు. నా మీద నాకే అసహ్యంగా ఉంది.

ఆయన్ను తీసుకెళ్ళాక ఇల్లు ఖాళీ అయింది. వంటింటి గోడకు ఆ డ్రాయింగ్ అంటించి ఉంది. గీతలన్నీ పూర్తయ్యాయి. ఆ వాల్వు నుంచి బయల్దేరిన గీత ఒక్కటే ఎర్ర మబ్బులోకి వెళ్ళి ఆగింది. ఆయనకు తెలుగు అక్షరాలు రావు. మబ్బు పక్కన తమిళ అక్షరాల్లో తెలుగు మాట రాసిపెట్టారు: "పాప వచ్చినాక."

బాత్రూం పక్కకు వెళ్ళాను. వాల్వు బిగుసుకుపోయింది, రెండు చేతులతో తిప్పాను. గోడలోపల నీళ్ళు కదిలిన చప్పుడైంది. ఇల్లు చుట్టుకుని పెరట్లోకి పరుగెత్తాను. ఎండిపోయిన కనకాంబరం మొక్కల మధ్య, మట్టిలో సగం పూడిన పైపు మూతి నుంచి నీళ్ళు వస్తున్నాయి.

"వచ్చినాయి సార్!" అని కేకేశాను.

వాల్వు దగ్గర ఎవరూ లేరు.