రెండిళ్లలో రెండు మాటలు

హోసూరు దగ్గర కెలమంగలంలో మా చర్చి అప్పట్లో రేకుల కప్పు కింద ఒకే పొడవాటి గది. ఆదివారం ఆరాధన అయ్యాక చాపల మీదే వరసగా కూర్చుని రాగి సంగటి, ఆకుకూర పప్పు తినేవాళ్లం. పాటలు నేర్పేది మా అమ్మ తమ్ముడు. మామ డోలక్ అందుకుంటే, తెల్లవారుజాము నుంచి పట్టుపురుగులకు ఆకు వేసి అలసిపోయి వచ్చిన ఆడవాళ్లు కూడా గొంతెత్తి పాడేవారు. నాకు పాట అబ్బింది ఆయన పక్కన కూర్చునే.

హోసూరు ఫ్యాక్టరీల్లో పనికి వచ్చిన తమిళ కుటుంబాలు కొన్ని మాతో చేరాయి. పాస్టరయ్య వాళ్ల కోసం ప్రతివారం ఒక తమిళ పాట పెట్టించారు. కొత్తగా వచ్చిన ఒక అక్క దాన్ని చాలా బాగా పాడేది. ఆ తర్వాతే మామ ఇల్లిల్లూ తిరగడం మొదలుపెట్టాడు.

ఒకరోజు మా వీధి ముసలమ్మ నన్ను ఆపి, "ఇంక తెలుగు పాటలే ఉండవంట కదా పాపా" అని కళ్లు తుడుచుకుంది. అదే వారం ఆ తమిళ అక్క, "మేము రావడం మీవాళ్లకు ఇష్టం లేదంట, నిజమా?" అని తమిళంలో అడిగింది. ఎవరు చెప్పారంటే ఇద్దరూ మామ పేరే చెప్పారు.

పాస్టరయ్యకు చెప్పాను. "ఎవురికీ చెప్పద్దమ్మా. మొదట ఆయన దగ్గరికే పోదాం" అన్నారు.

మేం వెళ్లేసరికి మామ వసారాలో మల్బరీ ఆకు తరుగుతున్నాడు.

"కోపంతో రాలేదప్పా," అన్నారు పాస్టరయ్య. "రెండిండ్లల్లో రెండు మాటలు చెప్పినావు. ఆ ఇండ్లకు పోయి సరిచేసుకో."

"నేనేమీ అనలేదు. ఈ పాపే యాడో తప్పుగా వినింది."

నా వైపు చూడకుండానే అన్నాడు. ఆ మాట చాలా రోజులు నన్ను గుచ్చింది.

రెండోసారి ఇద్దరు సంఘ పెద్దలు వెళ్లారు. మామ ఒప్పుకున్నాడు, పదిరోజులకే ఇంకో ఇంట్లో అవే మాటలు మొదలుపెట్టాడు. చివరికి పాస్టరయ్య అందరి ముందూ నెమ్మదిగానే చెప్పారు: "ఆయన మనవాడే. కానీ ఇంక పాట నడిపించడు. ఆయన తెచ్చే మాటలు ఎవురూ వినద్దండి."

మామ లేచి బయటికి నడిచాడు. వెనకే నాలుగు కుటుంబాలు వెళ్లాయి. అమ్మ కదల్లేదు. ఇంటికొచ్చే దారంతా మాత్రం ఏడ్చింది.

"నేనూ పోయింటే వాడు చేసింది సరే అని చెప్పినట్లయ్యుండేది" అంది.

వాళ్లు బాగలూరు వైపు గులాబీ తోటల పక్కన ఒక షెడ్డులో కూడుకున్నారు. రెండేళ్లు తిరక్కుండానే అక్కడా మాటామాటా వచ్చి చెదిరిపోయారు. అన్నాళ్లూ అమ్మ తమ్ముడింటికి వెళ్లడం మానలేదు. "చర్చి సంగతి తీస్తే లేచిపోతాను" అని ముందే చెప్పేది. ఇద్దరూ పంట గురించి, పిల్లల గురించి మాట్లాడుకునేవారు.

ఒక ఆదివారం మామ మా చర్చికి వచ్చి చివర కూర్చున్నాడు. ఆరాధన కాగానే ఆ తమిళ అక్క దగ్గరికి నేరుగా వెళ్లి, "తప్పు చేసినానమ్మా" అన్నాడు. ఆమె విస్తరి వేసి కూర్చోమంది. తర్వాత నా దగ్గరికీ వచ్చాడు. "నువ్వు సరిగ్గానే వినింటివి పాపా" అన్నాడు. నేను ఆయన చెయ్యి పట్టుకున్నాను.

పాట నడిపించే పని మళ్లీ ఆయనకు ఇవ్వలేదు, ఆయనా అడగలేదు. వెళ్లిన కుటుంబాల్లో రెండు మాత్రం ఇప్పటికీ తిరిగి రాలేదు. ఆ ఇళ్లలో ఒకావిడ నాకు హోసూరు మార్కెట్లో అప్పుడప్పుడూ ఎదురవుతుంది. "అమ్మ బాగుందా?" అని ఆప్యాయంగా అడుగుతుంది. చర్చి మాట ఎత్తదు. నేనూ ఎత్తను.