తమ్ముడి పరుగు

పెన్నా ఇసుకలో తమ్ముడు పడిపోయాడని కబురొచ్చేసరికి నేను బడిలో పిల్లల చేత ఎక్కాలు చెప్పిస్తున్నాను. ఆంధ్రప్రదేశ్ ఏర్పడి అప్పటికి కొన్నేళ్లయింది. జమ్మలమడుగులో పంతులమ్మ ఉద్యోగం దొరకడంతో పులివెందుల దగ్గరి మా ఊరినుంచి అమ్మనూ తమ్ముణ్ణీ తెచ్చుకుని అద్దె ఇంట్లో ఉన్నాను. వాడికి పోలీసు ఉద్యోగం మీద మోజు. కడపలో జరిగే సెలక్షన్లలో పరుగు నెగ్గాలని రోజూ ఏటి ఇసుకలో పరుగెత్తేవాడు.

నేను పోయేసరికి వాడు లేచి కూర్చుని మోకాళ్లకంటిన ఇసుక దులుపుకుంటున్నాడు.

"ఎండకు కండ్లు తిరిగినాయి, అంతే. అమ్మకు చెప్పొద్దక్కా."

చెప్పకుండా ఉండలేకపోయాను. అమ్మ పొయ్యి ముందు నుంచి లేవలేదు. "మీ నాయన గూడా ఇట్లనే పాయ" అంది. నాన్న వేరుసెనగ మూట బండికెత్తుతూ కుప్పకూలాడు. గాలి సోకిందన్నారు ఊళ్లో.

మర్నాడు ఇద్దర్నీ మిషన్ ఆసుపత్రికి లాక్కుపోయాను. డాక్టరమ్మ తమ్ముడి ఛాతీ మీద గొట్టం పెట్టి చాలాసేపు విన్నది. గొంతుక్కూర్చోమంది, లేచి నిలబడమంది, మళ్లీ విన్నది. "నిలబడితే శబ్దం పెరుగుతోంది" అని అమ్మ వైపు తిరిగింది. "మీ ఇంట్లో ఇలా ఉన్నట్టుండి పోయినవాళ్లు ఉన్నారా?"

"మా ఆయన పోయినాడమ్మా. ఆయన తమ్ముడు గూడా. ఎద్దు తెంపుకోని పోతాంటే దాని ఎంట ఉరికి పడిపాయ. మా మామ సన్న వయసులోనే పోయినాడంట. అందరికీ గాలి సోకిందనిరి."

డాక్టరమ్మ గొట్టం మెడలో వేసుకుంది. "ఇది గాలి కాదు. కొన్ని వంశాల్లో గుండె కండ మందంగా పెరుగుతుంది. పరుగెత్తినా, బరువెత్తినా నెత్తురు బయటికి వెళ్లే దారి ఇరుకవుతుంది. ఈమధ్యే దీని గురించి చదివాను. మద్రాసు తీసుకెళ్లి గుండెకు గ్రాఫు తీయించండి."

మద్రాసులోనూ అదే మాట. నమ్మకంగా ఇవ్వడానికి మందు లేదన్నారు. పరుగు వద్దు, మూటలు మోయవద్దు, ఎండలో దాహంతో ఉండవద్దు, రక్తసంబంధీకులందరూ పరీక్ష చేయించుకోవాలి. అంతే.

"గాజులేసుకోని ఇంట్లో కూచోమంటావా?" అన్నాడు తమ్ముడు రైల్లో. ఆ తర్వాత నాతో మాట్లాడటం మానేశాడు. నాకు మాత్రం కుదురు పోయింది. వాడు బావి వైపు నడిస్తే నేనే ముందుపోయి చేద అందుకునేదాన్ని. బడిలో ఉన్నా చెవులు వీధి మీదే.

పులివెందులలో ఉన్న మేనత్తకు చెబుదామని బస్సెక్కి వెళ్లాను. ఆమెకు పెండ్లీడుకొచ్చిన కొడుకులిద్దరు.

"బాగుండే పిల్లోళ్లకు జబ్బు పేరు పెడతాండావా? రేపు వీళ్లకు పిల్లనెవరిస్తారు?" అంటూ నా చేతిలో మజ్జిగ గ్లాసుండగానే గడప దాటించినంత పని చేసింది.

ఇక సెలక్షన్ల రోజు పొద్దున్నే తమ్ముడు ఇంట్లో లేడు. ఉతికి మడిచిన నిక్కరూ లేదు. చెప్పుల్లో కాళ్లు సరిగా దూర్చకుండానే కడప బస్సెక్కాను. ప్రొద్దుటూరులో బస్సు ఎంతకీ కదల్లేదు. దిగి కండక్టరును బతిమాలాను, మళ్లీ ఎక్కాను, మళ్లీ దిగాను. "కూచోమ్మా, నువ్వు తోస్తే పోతాదా బస్సు?" అన్నాడతను.

కడపలో సెలక్షన్ల మైదానం గోడ బయట నీడలో కూర్చుని ఉన్నాడు తమ్ముడు. చొక్కా చెమటకు తడవలేదు. నన్ను చూసి ముఖం తిప్పుకున్నాడు.

"ఉరికినావా?"

"వరుసలో నిలబడినా. విజిలేసినారు. కాళ్లు కదల్లేదక్కా. నాయన మూట కింద పడిండేదే కండ్లల్లో కనపడె."

వాడి పక్కనే కూలబడి ఏడ్చేశాను. వాడూ ఏడ్చాడు.

ఆ వారమే డాక్టరమ్మకు చెప్పడానికి వెళితే, "నీ గుండె ఎవరైనా విన్నారా?" అంది. నాకేం, రాయిలా ఉన్నానన్నాను. ఆమె గొట్టం పెట్టింది. కూర్చోమంది, నిలబడమంది. ఆమె కళ్లు చూస్తే నాకు తెలిసిపోయింది. "అందరికీ ఒకేలా ముదరదు. నీది తేలికగానే ఉన్నట్టుంది. అయినా జాగ్రత్త" అంది.

తమ్ముడికి చెబితే నవ్వాడు, కోపంగా. "ఇన్నాళ్లూ నన్ను కూచోబెట్టి, నీళ్లన్నీ నువ్వే మోసినావు గదా!" ఆ రోజునుంచి నా వెనక వాడు తిరగడం మొదలుపెట్టాడు.

వాడు ప్రొద్దుటూరులో ఓ బట్టల కొట్లో కుదిరాడు. కొన్నేళ్లకు గుండె వేగాన్ని తగ్గించే మాత్రలొచ్చాయి. ఇద్దరం వాడాం, ఇద్దరం బతికాం. పోలీసు చొక్కా చూస్తే మాత్రం వాడు చాలాకాలం పక్క సందులోకి తిరిగేవాడు.

మేనత్త ఒక్కసారి కూడా కొడుకుల్ని ఆసుపత్రికి తేలేదు. వాళ్లిద్దరూ చేలల్లో మూటలెత్తుతూనే ఉన్నారు. వాళ్లకు జబ్బుందో లేదో నాకిప్పటికీ తెలియదు. పులివెందుల నుంచి ఎవరైనా కబురు తెచ్చారంటే, చెప్పులు విప్పేలోపే ఎదురుపోయి ఆ ఇద్దరూ బాగున్నారా అని అడుగుతాను.