ఎడమవైపు ఎత్తు దిండు

శవపేటికలో పెట్టే దిండు కుట్టడం కూడా ఒక విద్యేనా అనుకునేవాళ్ళుంటే ఆ మాట దిండ్లమ్మ ఎదుట అనకపోవడం మంచిది. దిండు ఎత్తయితే గడ్డం గుండెకి ఆని, పోయినవాళ్ళు అలిగి పడుకున్నట్టు కనిపిస్తారు. పల్లమైతే నోరు తెరుచుకుంటుంది. ఒక పక్క దూది ఎక్కువైతే తల రెండో పక్కకి వాలిపోతుంది, కడసారి చూపుకొచ్చిన చుట్టాలు ఏడుపు ఆపి వంకలు పెడతారు. అందుకే ఆమె దూదిని గుప్పిళ్ళతో కొలిచి కూరుతుంది, కుట్టాక తన తల ఆనించి మరీ చూసుకుంటుంది. ఆమె చేతి దిండు ఏనాడూ వంకర పోలేదు. పోయిన వారం కుట్టిన ఒక్కటి తప్ప. అది కావాలనే వంకరగా కుట్టింది, అదీ కట్టుకున్న మొగుడికి.

మొగుడు పెట్టెల మేస్త్రీ. ముందు గదిలో ఆయన రంపం, వెనక గదిలో ఆమె మిషను, మధ్య గదిలో సంసారం. జన్మంతా పీల్చిన రంపపుపొట్టు ఊపిరితిత్తుల్లో చేరింది. ఇక మందులు మార్చినా లాభం లేదని డాక్టరు తేల్చేశాక మేస్త్రీ ఏడవలేదు సరికదా, కొత్త ఇల్లు కట్టుకుంటున్నవాడిలా తన పెట్టె తానే మొదలుపెట్టాడు. దగ్గొస్తే ఆగడం, తగ్గితే చిత్రిక పట్టడం.

"ఇంత హుషారేంటండీ, వెళ్ళేది పెళ్ళికా?" అని ఉక్రోషంగా అడిగిందామె.

"అక్కడ నాకోసం ఎదురుచూసేవాళ్ళున్నారే," అన్నాడు ఆయన, పలక నునుపు వేలితో తడిమి చూస్తూ.

ఆ మాటతో దిండ్లమ్మ కడుపు భగ్గున మండింది.

ఆమె మేస్త్రీకి రెండో భార్య. మొదటావిడ పెళ్ళయిన రెండో ఏడే పురిట్లో పోయింది. చచ్చినవాడి కళ్ళు చారెడు అంటారు గానీ, ఈ ఇంట్లో ఆ కళ్ళ ఊసెత్తినవాళ్ళే లేరు. మేస్త్రీ ఆవిణ్ణి పొగిడిందీ లేదు, తిట్టిందీ లేదు. అసలు బాధ అదే. పొగిడితే పోట్లాడొచ్చు, తిడితే సంతోషించొచ్చు. నోరు విప్పని మనిషి మనసులో ఉన్నదానితో ఎవరు నెగ్గుతారు? పైగా ఆ మహాతల్లి ఇరవై రెండేళ్ళ దగ్గరే ఆగిపోయింది. మోకాళ్ళు పట్టేయలేదు, పళ్ళు ఊడలేదు. ముగ్గురు పిల్లల్ని కని పెంచలేదు, దగ్గే మొగుడికి వేణ్ణీళ్ళు కాచలేదు. అయినా పరలోకంలో ముందు వరస కుర్చీ దానిదే! పైకి "ఆవిడ" అనేది గానీ, లోపల మాత్రం "అది" అనే అనుకునేది దిండ్లమ్మ.

ఉండబట్టలేక ఒక ఆదివారం ఆరాధన అయ్యాక, బల్లలు సర్దుతున్నట్టు నటిస్తూ అందరూ వెళ్ళేదాకా ఆగి, పాస్టరు గారిని పట్టుకుంది.

"అయ్యగారూ, ఊరికే అడుగుతున్నా. ఇద్దర్ని చేసుకున్నవాడు పరలోకానికెళ్తే అక్కడ ఎవరి మొగుడు?"

పాస్టరు గారు వయసులో చిన్నవాడు. ఎవరి గురించో తెలిసినా తెలియనట్టే ముఖం పెట్టాడు. "అక్కడ పెళ్ళిళ్ళు ఉండవమ్మా. అందరం దేవదూతల్లా ఉంటాం."

"కొత్తవి ఉండవు, సరే. అయిపోయినవి?"

"అవీ ఉండవు."

దిండ్లమ్మకు ప్రాణం లేచొచ్చింది. దాని పెళ్ళి రద్దు! ఆ సంతోషం గేటుదాకానే మిగిలింది. గేటు దగ్గర తట్టింది, తన పెళ్ళి కూడా రద్దేనని. గిరుక్కున వెనక్కొచ్చింది.

"పోనీ, ఒకళ్ళనొకళ్ళు గుర్తయినా పడతారా?"

"ఎందుకు పట్టరమ్మా? ఇక్కడికంటే బాగా ఎరుగుతాం. చావు ఉండదు, కన్నీళ్ళు ఉండవు, దేవుడే మన మధ్య ఉంటాడు. ఒకరిని ప్రేమిస్తే ఇంకొకరికి తగ్గడం అనేదే అక్కడ లేదు."

"ఎలా తగ్గదండీ? ముందు ఎవర్ని చూస్తే వాళ్ళకేగా ఎక్కువ!"

పాస్టరు గారు నవ్వాడు. ఆమె నవ్వలేదు.

అప్పటినుంచి ఆ "ముందు" అన్నది ఆమెను పట్టుకుని వదల్లేదు. సమాధుల తోట కాపలా ముసలాయన ఒక మాట అంటుంటాడు: "కడవరి బూర ఊదగానే చచ్చినవాళ్ళంతా సమాధుల్లోంచి లేస్తారు. లేవగానే కనబడేది పక్కవాళ్ళ మొహమే. అందుకని పొరుగు మంచిది చూసుకోండి." అందరూ నవ్వి వదిలేసే ఆ మాటను దిండ్లమ్మ వేదవాక్కులా తీసుకుంది. గోడ వారన ఆవిడ సమాధి. దాని పక్కన మేస్త్రీకి చోటు, ఆ పక్కన తనకి. అంటే ఆయనకి ఎడమవైపు అది, కుడివైపు తను. పోనీ తనే మధ్యలో పడుకుంటే? సవతి పక్కన, యుగాంతం దాకా? ఛీ! ఇంకో చిక్కు కూడా ఉంది. మేస్త్రీ నిద్రలో ఎప్పుడూ ఎడమకే తిరుగుతాడు. పెళ్ళయిన నాటినుంచి రాత్రిళ్ళు ఆమెకు దక్కింది ఆయన వీపే. లేచే రోజున కూడా అలవాటు చొప్పున అటే తిరిగితే?

అందుకే మొగుడి దిండులో ఎడమపక్క రెండు గుప్పిళ్ళు దూది ఎక్కువ కూరింది. తల కుడికి వాలుతుంది. లేవగానే కనబడేది తనే. పని చూసుకుని తనలో తనే మురిసిపోయింది కూడా.

పెట్టె పూర్తయింది. లోపల తెల్లగుడ్డ కొట్టి, దిండు పెట్టి, దిండ్లమ్మ పక్కకి తప్పుకుంది. కొలత సరిపోయిందో లేదో చూడాలిగా అని మేస్త్రీ మెల్లగా అందులోకి దిగి పడుకున్నాడు. తల కుడికి దొర్లింది. సరిచేసుకున్నాడు. మళ్ళీ దొర్లింది.

"ఏమే, ఇది నువ్వు కుట్టిందేనా?"

"నేను కాక ఇంకెవరు కుడతారు?"

"ఎడమపక్క ఇంత ఎత్తుందేం?"

చెయ్యి జారిందని చెప్పి తప్పించుకోవచ్చు. కానీ ఇన్నేళ్ళ కడుపుమంట ఆగలేదు. "కావాలనే కుట్టానండీ! మీరు లేచి నా వైపు చూడాలి, ఆవిడ వైపు కాదు. ఏం చేసిందని ఆవిడ మీకు? ఒళ్ళు హూనం చేసుకుంది నేను. ఆ మొదటి చూపయినా నాకు దక్కొద్దా?" అంటూ కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది.

మేస్త్రీ పెట్టెలోనే లేచి కూర్చున్నాడు. "దానికి నన్ను చూసే తీరికెక్కడిదే?" అన్నాడు. "చేతిలో బిడ్డ ఉందిగా."

"బిడ్డేంటి?"

"ఆడపిల్ల. ఒక్క పూట బతికింది. ఇద్దరికీ ఒకటే పెట్టె చేశాను. ఎడమచేతిలో పిల్లని పడుకోబెట్టి, తల్లి తల అటు తిప్పి మూత బిగించాను."

"రాయి మీద ఆవిడ పేరొక్కటేగా ఉంది?"

"పిల్లకి పేరు పెట్టలేదుగా. ఏమని చెక్కించను?" కాసేపు దగ్గి, ఆయాసం తీర్చుకున్నాడు. "నీకు చెప్పలేదు. చెబితే మన పిల్లల్ని నేనెత్తుకున్నప్పుడల్లా నా మొహంలోకి చూస్తూ కూర్చుంటావని. ఆ రోజు పెట్టె చేసే తొందరలో ఆ పిల్ల మొహం సరిగ్గా చూళ్ళేదే. ముక్కు ఎవరిదో కూడా తెలీదు నాకు."

దిండ్లమ్మ నోట్లోంచి కొంగు తీసి కళ్ళు తుడుచుకుంది.

"కుట్టు విప్పు," అన్నాడు మేస్త్రీ. "సమంగా వద్దు. ఎత్తు కుడిపక్క పెట్టు. లేవగానే ఆ పిల్లని చూడాలి."

మొదటి పెళ్ళాన్ని చూడాలంటే చచ్చినా విప్పేది కాదామె. ముగ్గురు పిల్లల్లో ఎవరి ముక్కు ఎవరిదో, ఎవరికి మెడ మీద పుట్టుమచ్చ ఉందో కళ్ళు మూసుకుని చెప్పగలిగిన తల్లి, ఈ ఒక్కదానికి ఎలా కాదంటుంది? అసూయ పోయిందా అంటే పోలేదు, దాని దారిన అది లోపల రాజుకుంటూనే ఉంది. అయినా కత్తెర తీసుకుంది. కుట్టు విప్పి, దూది కుడిపక్కకి మార్చి, మళ్ళీ కుట్టి, అలవాటుగా తన తల పెట్టి చూసుకుంది. తల ఎడమకి వాలింది. దిండు తెచ్చి మొగుడి ఒళ్ళో పడేసింది.

"చూసుకోండి, కళ్ళారా చూసుకోండి. తల్లిని మాత్రం ఎక్కువసేపు చూడకండి."

"అలాగేలే."

"బూర మోగినా నేను లేవను. మీరే రావాలి. ఆ పిల్లని ఎత్తుకొచ్చి లేపండి నన్ను."