ఒళ్లు చేసిన అక్క

ఆళ్లగడ్డలో మా అక్క కిరాణా అంగడి చూసుకునేది. ఆమె మోకాళ్ల నొప్పులకు అక్కడి నాటు వైద్యుడు ఒకాయన పొడి పొట్లాలు ఇచ్చేవాడు. నాయన స్నేహితుడు. మేము చిన్నాయనా అని పిలిచేవాళ్లం. వేర్లు నూరిన మందని చెప్పేవాడు. కొన్నాళ్లకే నొప్పి పోయింది. అక్క ముఖం గుండ్రమైంది, పొట్ట పెరిగింది.

"బాగా ఒళ్లు చేసినావక్కా. ఇప్పుడు కళగా ఉండావ్," అనేవారు సరుకులకు వచ్చినవాళ్లు.

"అంతా చిన్నాయన పొట్లాల పుణ్యం," అని అక్క నవ్వేది.

మా వైపు ఒళ్లు చేయడమంటే ఆరోగ్యం. చేతులూ కాళ్లూ సన్నబడటం ఎవరికీ కనపడలేదు.

అక్క కాలికి లేచిన పుండు ఎంతకీ మానకపోతే నంద్యాల ఆసుపత్రికి తీసుకుపోయాను. డాక్టరు పొట్లాలను పరీక్ష చేయించి, వాటిలో స్టెరాయిడ్ ఉందన్నారు. ఒంట్లో సహజంగా ఊరే కార్టిసాల్ అనే హార్మోన్ లాంటిదే అది. అది మితిమీరితే ముఖంలో, మెడ వెనక, పొట్టలో ఉన్న కణాలు కొవ్వును పోగుచేసుకుంటాయి. చేతుల్లో, కాళ్లలో కండ కరుగుతుంది. పుండ్లు మానవు.

ఆ పుండు విషం రక్తంలోకి పాకి అక్క చనిపోయింది.

కర్మాంతరం నాడు చిన్నాయన వచ్చి భోజనాల పంక్తిలో కూర్చున్నాడు. దగ్గరికి వెళ్లి అడిగాను.

"పొట్లాల్లో స్టెరాయిడ్ కలిపినావా, చిన్నాయనా?"

ఆయన విస్తరి మీంచి తలెత్తలేదు. "నొప్పి తగ్గిందా లేదా, అది చెప్పప్పా."

తగ్గింది. అది నిజమే. పక్కనున్నవాళ్లు ఆయనకు ఇంకాస్త పప్పు వడ్డించమన్నారు.