మూడోసారి అడిగినప్పుడు

ఎలీషా మావ పేపరు మొదటి పేజీ చదవడు. లోపలి పేజీల్లో ఓ మూల వచ్చే చిన్న వార్తలు వెతుక్కుంటాడు. ఫలానా దేశానికి కొత్త రాయబారి, ఫలానా దళానికి కొత్త అధిపతి. ఆమదాలవలస స్టేషను రోడ్డులో నా జిరాక్సు షాపు ముందు బల్ల మీద కూర్చుని, ఆ ఫొటోని కళ్ళకి దగ్గరగా పెట్టుకుని, "ఈయన గురించి ఎవుల్ని అడిగేరో" అంటాడు.

నాకా వార్తలంటే ఒళ్ళు మంట. ఆర్మీ ర్యాలీలో రెండుసార్లు పరిగెత్తి, ఛాతీ కొలత దగ్గర ఆగిపోయినవాణ్ణి. పై ఉద్యోగాలకి మనుషుల్ని ఎవరు ఎంచుతారో, ఏం చూసి ఎంచుతారో మన దాకా ఎప్పుడొచ్చింది?

"మనల్నెవడు అడిగేడు మావా?" అన్నాను ఓ రోజు.

"నన్నడిగేర్రా," అన్నాడు.

మావది గరివిడి. తండ్రి ఫ్యాక్టరీలో కూలి. మావ టైపు నేర్చుకుని సైన్యంలో క్లర్కుగా చేరాడు. ఇరవై నాలుగేళ్ళ సర్వీసులో తుపాకీ పట్టింది తక్కువ, టైపు కొట్టింది ఎక్కువ. చివర్లో మూడేళ్ళు సరిహద్దు మంచుకొండల్లో, కర్నల్ నేగి అనే ఆఫీసరు కింద పనిచేశాడు.

నేగి అవతలి దేశం భాషని నిఘంటువు పెట్టుకుని నేర్చుకున్నాడట. ఒక చలికాలం అవతలివాళ్ళ కంచరగాడిద దారితప్పి ఇటు వచ్చింది. కాలికి గాయం. కుర్రాళ్ళు నవ్వుకుంటుంటే, నేగి దానికి కట్టు కట్టించి, నాలుగు రోజులు మేపి, వాళ్ళ భాషలో ఓ చీటీ రాసి మెడకి కట్టి పంపాడు. ఆ ఏడంతా అక్కడ ఒక్క తూటా పేలలేదు.

"ఆ సీటీ నకలు ఫైల్లో పెట్టింది నేనే," అంటాడు మావ. ఆ మాట చెప్పేటప్పుడు మాత్రం ఆయన నడుం నిటారుగా ఉంటుంది.

అలాంటి మనిషిని ఒక రాయబార కార్యాలయంలో మన సైన్యం తరఫున కూర్చోబెట్టే ఆలోచన జరిగింది. తుపాకీ తెలిసినవాడు, మాట తెలిసినవాడు ఇద్దరూ ఒక మనిషిలోనే ఉండాల్సిన ఉద్యోగం అది. వాకబు చేయడానికి ఢిల్లీ నించి ఒకాయన వచ్చాడు. పైవాళ్ళని అడిగాడు, తోటివాళ్ళని అడిగాడు. చివరికి కింద పనిచేసేవాళ్ళ వంతు వచ్చింది. మావని గదిలోకి పిలిచి, తలుపేసి, "మీ కర్నల్ గురించి చెప్పడానికేమైనా ఉందా?" అన్నాడు. మావ మాట్లాడలేదు. మళ్ళీ అడిగాడు. మూడోసారీ అడిగాడు. మావ చేతులు కట్టుకుని, తల వంచుకుని నిలబడ్డాడు. ఆయన ఏదో రాసుకుని, ఇక వెళ్ళమన్నాడు.

ఇది అర్థం కావాలంటే మా సంఘం ఆనవాయితీ తెలియాలి. చర్చిలో ఏ బాధ్యతకి మనిషిని ఎంచుకున్నా పాస్టరు గారు పేరు చదివి, "ఎవరికైనా చెప్పేదుందా?" అని మూడుసార్లు అడుగుతారు. తప్పు ఎంచేవాడే లేస్తాడు. ఒప్పుకున్నవాళ్ళు తల వంచుకుని ఊరుకుంటారు. మూడుసార్లూ ఎవరూ నోరు మెదపకపోతే అంతకు మించిన గౌరవం లేదు. లేచి పొగడడం అంటే ఆ మనిషికి సిఫారసు అవసరమైందని చెప్పడం, అవమానం. గరివిడిలో ఉన్నదీ ఇదే సంఘం, మావ పుట్టినప్పటినించీ చూసింది ఇదే. తన కర్నల్‌కి తనకి తెలిసిన అతిపెద్ద గౌరవం ఇచ్చాడు.

రెండు నెలలకి నేగి పిలిచాడు. ఆ ఉద్యోగం ఇంకొకరికి వెళ్ళిందని చెప్పి, "నా కింద పనిచేసేవాళ్ళు నా గురించి నోరు విప్పలేదని రాశారట, ఎలీషా" అన్నాడు.

"అవును సార్. మూడుసార్లు అడిగినా నేను ఒక్క మాట అనలేదు," అన్నాడు మావ, సంతోషంగా.

నేగి బల్ల మీది కాగితం ఒకటి ఇటు జరిపాడు. "నీ సెలవు కాగితం సంతకం పెట్టాను, తీసుకెళ్ళు," అన్నాడు.

సెలవులో ఇంటికొచ్చి భార్యకి ఈ సంగతి గొప్పగా చెప్పాడు. జ్ఞానసుందరి అత్త బియ్యం ఏరుతూ చెయ్యి ఆపేసింది.

"అడిగినోడు మన సంఘపోడేటి? నువ్వూరుకుంటే ఆడికేటి తెలుస్తాది? నీ కర్నల్లో ఏదో లోపముందనుకోడూ?"

ఆ పూట మావ అన్నం ముట్టలేదట. తిరిగి వెళ్ళేసరికి నేగికి బదిలీ అయిపోయింది. ఆ ఒక్క మౌనం వల్లే నేగికి ఆ ఉద్యోగం తప్పిపోయిందో, ఇంకేమైనా కారణాలున్నాయో ఎవరికీ తెలియదు. తెలియకపోవడమే ఈ పదహారేళ్ళూ మావని తినేసింది. నేగికి ఉత్తరం రాద్దామని నేనే కాగితం తీశాను ఓసారి. "ఏటని రాత్తావు? మీరంటే గౌరవం సార్, అందుకే నోర్మూసుకున్నానని రాత్తావా?" అని కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

మొన్న ఆదివారం మా చర్చిలో ఎంపిక జరిగింది. సమాధుల స్థలం హద్దు దగ్గర పక్క మిల్లువాళ్ళతో తగువుంది. వాళ్ళతో మాట్లాడటానికి ఒక మనిషి కావాలి. పాస్టరు గారు బెన్హర్ పేరు చదివారు. కరెంటు పనులు చేసుకునే నెమ్మదస్తుడు. ఒకసారి అడిగారు. రెండోసారి అడిగారు. మూడోసారి అడగ్గానే ఎలీషా మావ లేచి నిలబడ్డాడు.

చర్చి మొత్తం వెనక్కి తిరిగింది. బెన్హర్ ముఖం పాలిపోయింది. "నేనేటి సేసేను బాబయ్యా?" అన్నాడు.

"తప్పు ఎంచడానికి కాదండి," అన్నాడు మావ. "ఈడు మంచోడు. ఆ మాట సెప్దామని."

"అది చెప్పక్కర్లేదు కదండీ," అన్నారు పాస్టరు గారు. "ఊరుకుంటే చాలు."

"సాల్దండి," అన్నాడు మావ. "ఎదుటోడి మాట పూర్తిగా ఇంటాడు. కోపం రాదు. అవతలోల్ల బాస కూడా నేర్సుకున్నాడు. ఆల్ల జీవం దెబ్బ తగిలి ఇటొస్తే కట్టు కట్టించి, మేపి పంపేడు..."

బెన్హర్ తెల్లబోయి నా వంక చూశాడు. వెనక ఎవరో కిసుక్కుమన్నారు. జ్ఞానసుందరి అత్త ఆడవాళ్ళ వరసలోంచి లేచొచ్చి మావ చొక్కా అంచు పట్టుకుంది. "కూకో. ఇంక కూకో," అంది మెల్లగా.

మావ కూర్చోలేదు. తలెత్తి, చేతులు కిందికి వదిలి, పాస్టరు గారి వైపు చూస్తూ చెబుతూనే ఉన్నాడు.