మ్యాచ్ రోజు రమణత్త వంట

వాము కలిపిన శనగపిండి నూనెలో పొంగే వాసన ఇల్లంతా నిండి ఉంది. ఛత్తీస్‌గఢ్‌లో, మోవా అనే పేటలో మా ఫ్లాటు. హాల్లో టీవీ ముందు మా ఆయన, ఆయన ఆఫీసు మిత్రులు ఇద్దరు. ఆట చివరి ఓవర్లకు వచ్చింది. నేను మిర్చి బజ్జీలు మరో వాయ తెచ్చి బల్ల మీద పెట్టాను. ఆయన చెయ్యి పళ్లెం దాకా వచ్చి ఆగిపోయింది. బజ్జీ తీసుకోకుండా మెల్లగా వెనక్కి వెళ్లి రొమ్ము మధ్య అదుముకుంది. ఎవరో సిక్సర్ కొట్టారు, మిత్రులిద్దరూ ఎగిరి అరిచారు. ఆయన కళ్లు టీవీ మీదే ఉన్నాయి గానీ ఆట చూడటం లేదు. ఏసీ నడుస్తూనే ఉంది, చొక్కా వీపు మాత్రం తడిసి ఒంటికి అంటుకుపోయింది. నాకు భయం మొదలైంది అక్కడే.

గుండెపోటు కాదన్నారు ఆసుపత్రిలో. రక్తపోటు బాగా పెరిగిందట, రక్తంలో కొవ్వు కూడా ఎక్కువేనట. దీన్ని హెచ్చరిక అనుకోండి అని మందులు రాసి, ఉప్పు, నూనె తగ్గించమన్నారు. మా మామగారు నలభై అయిదేళ్లు నిండకుండానే గుండెపోటుతో పోయారు. ఆ మాట దారిలో మేమిద్దరం ఎత్తలేదు. ఆయన అన్నది ఒక్కటే: "వచ్చే ఆదివారం ఫైనల్. వాళ్లని మళ్లీ రమ్మన్నాను. వాళ్లు బజ్జీలు తింటుంటే నేను ఉడకేసిన సొరకాయ తింటూ చూడాలన్నమాట." నవ్వుతూనే అన్నారు గానీ నాకు నవ్వు రాలేదు. ఇంచుమించు ఇవే మాటలు చిన్నప్పుడు రమణత్త భర్త నోట విన్నాను. పిల్లలు నిద్రపోయాక కూర్చుని ఆవిడ గురించి రాస్తున్నాను.

రమణత్త మాకు చుట్టం కాదు. రైల్వే వ్యాగన్ల వర్క్‌షాపు వాళ్ల డబ్ల్యూఆర్ఎస్ కాలనీలో మా పక్క క్వార్టరు. వాళ్లూ మేమూ శ్రీకాకుళం వైపు నుంచి వచ్చినవాళ్లమే. ఆవిడ భర్త సింహాచలం మావయ్య, మా నాన్న ఒకే చోట వ్యాగన్లు బాగుచేసేవారు. చలికాలం ఆదివారాల్లో వర్క్‌షాపు జట్ల మధ్య క్రికెట్ జరిగేది. మావయ్య అంపైరు. మైదానం అంచున ఒక చిన్న లారీని నిలబెట్టి, వెనుక పలక కిందికి దించి, దాని మీద పేపర్లు పరిచేవారు. అదే మా వడ్డన బల్ల. వారానికొక క్వార్టర్ల లైను వంతున వండి తేవాలి. ఆలూ గుండా, మిర్చి, పకోడీ, చక్కెర బాగా వేసిన టీ. ఆలూ గుండా అంటే ఇక్కడివాళ్లు మన బంగాళదుంప బోండాకు పెట్టుకున్న పేరు. ఏ జట్టు గెలిచిందో సోమవారానికి మరిచిపోయేవాళ్లు. ఏ లైనువాళ్ల గుండాలు చల్లారిపోయాయో మాత్రం ఏడాదంతా చెప్పుకునేవాళ్లు.

నేను ఏడో తరగతిలో ఉండగా వానాకాలంలో మావయ్యకు గుండెపోటు వచ్చింది. బతికి ఇంటికి వచ్చారు. వచ్చాక ఆయనకు వేరే గిన్నె, వేరే కూర. ఉప్పు లేని పప్పు ముందు పెడితే ఆయన కంచం వైపు చూడకుండా తిని, సాయంత్రం షికారు పేరుతో గేటు బయట బండి దగ్గరికి వెళ్లి సమోసాలు తినేవారు. ఒకరోజు ఎదురింటావిడ పరుగున వచ్చి ఆ సంగతి చెప్పింది. నేను అక్కడే ఉన్నాను. రమణత్త బియ్యం ఏరడం ఆపలేదు.

"తిననీ అమ్మా. నాను ఎనకాల కాపలా కాస్తే, బండి మార్చి ఇంకో బండికాడ తింతాడు. ఆ మడిసిని ఇంట్లో రోగిని సేసీసి కూకోబెట్టినాను. అక్కడైతే అందరితోటీ సమానంగా తింతన్నాడు."

ఆవేళ నుంచి వేరే గిన్నె పోయింది. ఆయన తినేదే ఇంట్లో అందరూ తినాలని ఆవిడ పట్టు. ఇల్లు సరే, మైదానం సంగతేమిటి? మా లైను వంతు వచ్చిన మొదటి ఆదివారం, రమణత్త, మేమంతా కాకీ (పిన్ని) అని పిలిచే పక్కింటి ఛత్తీస్‌గఢీ ఆవిడ దగ్గర నేర్చుకున్న ఫరా చేసుకొచ్చింది. బియ్యప్పిండిని వేలెడు పొడవున చుట్టి ఆవిరి మీద ఉడికించేది ఫరా. కాకీ వాటికి నువ్వులు, ఆవాలు, పచ్చిమిర్చి పోపు పెడుతుంది. అత్త భయం కొద్దీ పోపు మానేసింది, ఉప్పు సగం వేసింది. తెల్లగా, చప్పగా, చల్లగా ఉన్నాయవి. మావయ్య ఒకటి నమిలి, అందరూ చూస్తుండగా గంభీరంగా వేలెత్తారు. "అవుట్!"

మైదానమంతా నవ్వింది. "ఏటే, గ్రౌండుకొచ్చినా ఆసుపత్రి తిండేనా నాకు? ఆళ్ల వంతుకి ఆళ్లు గుండాలు తింతంటే నాను ఇది నమలాలేటి?"

"బాగులేకపోతే బాగులేదను. ఏలెత్తడమేటి?" అంది అత్త కూడా నవ్వుతూనే.

అప్పుడు జరిగింది మనవాళ్లు ఉన్నచోటే జరిగే పని. మా లైనులో ఒకరు సంచిలోంచి ఆవకాయ సీసా తీశారు. చప్పటి తిండి కనబడితే మనకు చెయ్యి ఆవకాయ మీదికే పోతుంది. సీసా ఆ చివర నుంచి ఈ చివరకు తిరిగింది. ఎర్రటి నూనెలో ఫరాలు ఈదాయి. మావయ్య అందరికంటే ఎక్కువ పోసుకుని, వేళ్లు నాకుతూ పది ఫరాలు తిన్నారు. పాత్ర ఖాళీ అయిందని మా అమ్మ సంతోషించింది. రమణత్త మాత్రం సీసాను ఎండకెత్తి, నూనె ఎక్కడిదాకా దిగిందో చూసింది.

"నాను తీసీసిన నూనె, ఉప్పు ఈళ్లు సీసాలోంచి ఎనక్కి తెచ్చీసుకున్నారు సూసినావా? బజ్జీలెట్టినా ఇంత పోదు."

కాకీ పక్కనుంచి అందుకుంది, "ఖాలీ ఉబాలోగే తో కౌన్ ఖాయేగా, బహెన్?" ఉత్తినే ఉడకబెడితే ఎవరు తింటారని.

ఆ మాట అత్తకు కోపం తెప్పించలేదు. తరువాతి వంతు వచ్చేలోగా మా వంటింట్లోనూ వాళ్ల వంటింట్లోనూ రోజూ ఏదో ఒకటి కాలుతూ ఉండేది. నాలుక అడుగుతున్నది నూనెను కాదని ఆవిడ పట్టుకుంది. కారం కావాలి, పులుపు కావాలి, పంటికింద కరకర కావాలి, అన్నిటికంటే ముందు వేడి కావాలి. టమాటాలు, ఎండుమిర్చి, వెల్లుల్లి నిప్పుల మీద నల్లగా కాల్చి, చింతపండుతో రోట్లో నూరింది. చుక్క నూనె లేదు, ఉప్పు తక్కువైనట్టు తెలియనే తెలియదు. మాకు రుచి చూపించి, "మొహమాటానికి సెప్పకండే. బాగులేకపోతే ఇప్పుడే సెప్పండి, అక్కడ నా పరువు తియ్యకండి" అనేది. మేము చెప్పేవాళ్లం. ఆవిడ మళ్లీ చేసేది.

రెండోసారి ఇంట్లో వండి తేలేదు. కిరసనాయిల్ స్టవ్ ఒకటి లారీ పలక మీద పెట్టి, గుంతపునుగుల పెనం ఎక్కించింది. ఇడ్లీ పిండిలో ఉల్లి, కొత్తిమీర, అల్లం, తురిమిన కేరట్ కలిపి, గుంతకు రెండు చుక్కల నూనెతో తిప్పి తిప్పి కాల్చింది. పైన కరకర, లోపల పొగలు. పక్కనే ఫరాలకు ఈసారి కాకీ చేతి పోపు పడింది, చెంచాడు నూనెలో గుప్పెడు నువ్వులు చిటపటలాడాయి. బజ్జీల మిరపకాయలను పిండిలో ముంచకుండా కాల్చి, లోపల వేయించిన పల్లీ పొడి, నిమ్మరసం కూరింది. ఇది మంచిది, ఇది గుండెకు మంచిది అని ఎవరికీ ఒక్క ముక్క చెప్పలేదు. ఆవకాయ సీసా సంచిలోనే ఉంది, ఎవరూ తీయలేదు. మావయ్య విరామంలో వచ్చి, నిలబడే తిన్నారు. ఈసారి వేలు లేవలేదు. పళ్లెం చాచారు.

"నీకు కాదు, ముందు బౌలర్లకి" అని ఆయన్ను వెనక్కి నెట్టింది. ఆ నెట్టడంలో ఆయన ఎంత మురిసిపోయారో! రోగిని ఎవరూ అలా నెట్టరు.

మావయ్య రిటైరయ్యేదాకా అంపైరింగ్ చేశారు. రమణత్తే ముందు వెళ్లిపోయింది, జ్వరంతో, కొన్నేళ్ల కిందట. నా పెళ్లిలో ఆవిడ నాకు వంట గురించి సలహా ఏమీ ఇవ్వలేదు. కడుపునిండా తిని, "పులుసులో బెల్లం ఎక్కువైనాది" అని వంటవాళ్లకు చెప్పి వెళ్లింది. నేను డిగ్రీలో పోషకాహారం చదివాను. చదివిందంతా ఏం తినకూడదో చెప్పింది. వద్దనిపించుకున్న మనిషి మనసు ఎటు పోతుందో ఆవిడ దగ్గరే చూశాను.

ఆసుపత్రి నుంచి వచ్చిన మర్నాడు, అంటే ఇవాళ పొద్దున్న, ఆయన ఇంకా పడుకునే ఉన్నారు. స్కూలుకు జడ వేయించుకుంటూ మా పెద్దది అడిగింది, "అమ్మా, నాన్న బజ్జీ తింటే చచ్చిపోతారా?" చిన్నవాడు వెంటనే, "నేను చూస్తూ ఉంటానులే. తింటే నీకు చెప్పేస్తా" అన్నాడు.

జడ సగంలో వదిలి ఇద్దరినీ ఎదురుగా కూర్చోబెట్టుకున్నాను. "ఒక్క బజ్జీకి ఏమీ కాదు. నాన్నకి ఒంట్లో బాగాలేదు, మందులు వేసుకుంటున్నారు. నాకూ భయంగానే ఉంది. కానీ మీరిద్దరూ నాన్నకి కాపలా కాయొద్దు, నాకు వచ్చి చెప్పొద్దు. ఆదివారం ఫైనల్‌కి అంకుల్స్ వస్తారు. నాన్నకి, వాళ్లకి, మీకు, నాకు ఒకటే వంట. ఎవరికీ వేరే పళ్లెం ఉండదు. రేపటి నుంచి రోజూ ఒకటి చేసి చూపిస్తాను. బాగాలేకపోతే మొహం మీదే చెప్పండి, మళ్లీ చేస్తాను."