మునెప్ప ఆంబోతు

పశువులకు వచ్చే ముద్ద చర్మవ్యాధి మన పల్లెలకు పాకిన ఏడాది నేను కుప్పం నుంచి పుంగనూరుకు పశుసంవర్ధక శాఖ సహాయ సంచాలకుడిగా బదిలీ అయ్యాను. సర్వీసులో అదే నా చివరి చోటు.

పుంగనూరు పేరు దూరప్రాంతాలకు తెలిసింది మనిషి నడుము ఎత్తుకు మించని పొట్టి ఆవుల వల్ల. ఊళ్లలో మాత్రం అవి కరువయ్యాయి. పాలకేంద్రానికి నిండుగా పోసే జెర్సీ సంకరాలే ప్రతి కొట్టంలోనూ కనిపించేవి. పొట్టి దూడలను నగరాలవాళ్లు ముచ్చటపడి కొనుక్కుపోయారు. ఆ చుట్టుపక్కల మేలైన ఆంబోతు మునెప్ప అనే రైతు దగ్గర ఒక్కటే మిగిలింది. తాతల నాటి నుంచి వాళ్ల కొట్టంలోనే సాగుతున్న వంశం.

దాని వీర్యాన్ని గడ్డకట్టించి నిల్వ చేయిద్దామని ప్రతిపాదించాను. అందుకు ముందు క్షయలాంటి అంటురోగాలు లేవని రెండుసార్లు తేలాలి. మొదటి పరీక్షలో ఏమీ లేదని వచ్చింది. రెండోదానికి ఇంకా గడువుండగానే, ఆంబోతు మేత మానేసిందని మునెప్ప ఫోన్ చేశాడు.

వెళ్లి చూస్తే ఒళ్లంతా గడ్డలు, జ్వరం; ముద్ద చర్మవ్యాధే. ఈ వైరస్‌ను చంపే మందు లేదు. జ్వరం తగ్గడానికి, పుండ్లు చీము పట్టకుండా ఉండడానికి సూదులు వేశాను. మదనపల్లె నుంచి టీకా తెప్పించి చుట్టుపక్కల ఆరోగ్యంగా ఉన్న పశువులకు వేయించాను. జబ్బుపడినదానికి ఆ టీకా వేయకూడదు.

మునెప్ప భార్య రెడ్డెమ్మ వేపాకు, పసుపు నూరి పూసేది, గంజి తాగించేది. "మా దానికి ముందే టీకా యాల ఎయ్యలేదు సారూ?" అని అడిగింది. టీకా రాకముందే జబ్బు వచ్చిందని చెప్పాను. ఆమె గంజి గిన్నె అందుకుని ఆంబోతు దగ్గరికి వెళ్లింది.

ఆంబోతు లేవలేని స్థితికి వచ్చాక మునెప్ప నన్ను పక్కకు పిలిచాడు.

"ఇది దక్కదని తెలస్తానే ఉండాది సారూ. దాని బీజమన్నా తీసి పెట్టండి."

వైరస్ వీర్యంలోనూ ఉంటుందని, దానితో జబ్బు వేరే ఆవులకు చేరుతుందని చెప్పవలసి వచ్చింది.

"అయితే మా ఇంట్లో ఈ వంశం తెగిపోయినట్లే" అన్నాడు. అవునన్నాను.

మర్నాడు అది చనిపోయింది. లోతైన గుంత తీయించి, సున్నం చల్లించి పూడ్పించాను. మునెప్ప గుంత దగ్గరికి రాలేదు. తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకుని గట్టు మీదే నిలబడ్డాడు.

కొన్నాళ్లకు వాళ్ల పొట్టి ఆవు ఎదకొచ్చింది. పొట్టి జాతి వీర్యం కోసం విచారించాను, సమయానికి దొరకలేదు. "ఏదో ఒకటి ఎక్కించండి సారూ, పాలన్నా వస్తాయి" అన్నాడు మునెప్ప. జెర్సీ వీర్యం నేనే ఎక్కించాను. పుట్టిన దూడ చూస్తుండగానే తల్లిని మించి ఎదిగింది.

ఈ అనుభవం నాకు నేర్పింది ఒకటే. పశువు ఆరోగ్యంగా ఉన్నప్పుడు దాచుకోని జాతిని జబ్బు వచ్చాక ఏ వైద్యుడూ కాపాడలేడు. అప్పుడు అతను చేయగలిగేది పక్క కొట్టంలో పశువులకు టీకా వేయడమే.